ఎండలో కారు, లోపల కుక్క: పోలీస్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

ఎన్టీఆర్ జిల్లా పోలీస్ కమిషనర్ గారికి,

నమస్కారం. పోయిన మే నెలలో మన విజయవాడలో ఒక షాపింగ్ మాల్ బయట, అద్దాలు బిగించిన కారులో ఒక పగ్ కుక్క కనిపించిందండి. నాలుక వేలాడేసి, సీటు మీద ఒరిగిపోయి రొప్పుతోంది. సెక్యూరిటీ వాళ్లని అడిగితే "ఓనర్ వచ్చేస్తారు" అన్నారు. ఆయన వచ్చేవరకూ నాకు ఒకటే టెన్షన్.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో నిలిపిన కారు లోపలి వేడి పది నిమిషాల్లోనే మరో పది డిగ్రీల దాకా పెరుగుతుంది. అద్దం కాస్త దించినా పెద్దగా తేడా ఉండదు. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే చల్లబడాలి. మూసిన కారులో పీల్చే గాలే సెగ. పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకైతే ఇంకా కష్టం. ఒంటి వేడి 41 డిగ్రీలు దాటితే వడదెబ్బే, అవయవాలు దెబ్బతింటాయి.

1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 50 రూపాయలు మించదు. పార్కింగ్ రుసుమంత! దాన్ని మార్చడం మీ చేతిలో లేదని తెలుసు. కానీ 112కి ఇలాంటి ఫోన్ వస్తే వెంటనే కదలమని సిబ్బందికి చెప్పగలరు. పార్కింగ్ స్థలాల్లో బోర్డులు పెట్టించగలరు. ప్రాణం పోతుంటే అద్దం ఎవరు పగలగొట్టాలో, కారు నంబరు మైకులో ఎవరు పిలవాలో రాతపూర్వకంగా ఆదేశించండి. మార్చిలోపే ఇవి జరగాలని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక నగరవాసి