పాత్రలు కడిగే డ్యూటీ గురించి

గుంతకల్లు,
ఆదివారం రాత్రి

చిన్నా,

నిన్న సార్ ఫోన్‌లో నువ్వు మాట్లాడిందే రెండు నిమిషాలు. అందులో ముప్పావు వంతు ఫిర్యాదులే. స్కౌటు క్యాంపులో జట్టు నాయకుడిగా, అదే పెట్రోల్ లీడర్‌గా, నిన్ను కాకుండా తొమ్మిదో తరగతి అబ్బాయిని పెట్టారు. నీకేమో వచ్చీ రాగానే పాత్రలు కడిగే డ్యూటీ వేశారు. రాత్రిళ్లు చలి. పక్కన పడుకున్న పిల్లవాడు మాట్లాడడు గానీ గురక మాత్రం పెడతాడు. చివర్లో గొంతు తగ్గించి "నాయనా, వచ్చి తీసుకుపో" అన్నావు. అప్పటినుంచి మీ అమ్మ నా మొహం వంకే చూస్తోంది.

నేను రావడం లేదు. హార్స్‌లీ హిల్స్ మీదున్న మీ క్యాంపుకు సరుకులు తీసుకెళ్లే సార్ రేపు పొద్దున బయలుదేరుతున్నారు. ఆయన చేతికి ఈ ఉత్తరం, నీ స్వెట్టరు, అమ్మ చేసిన బొరుగుల ఉండలు ఇస్తున్నాను. ఉండలు జట్టు మొత్తానికి. గురక పెట్టేవాడికి కూడా.

చలి గురించి నాకు చెప్పకు. ఇక్కడ మధ్యాహ్నం ప్లాట్‌ఫారం మీద చెప్పుల్లోంచి కూడా కాలుతోంది. ఎండలు తట్టుకోలేకే కదా, కడప కలెక్టరుగా చేసిన హార్స్‌లీ దొర ఆ కొండెక్కి ఇల్లు కట్టుకున్నాడు. ఆయన పేరు తర్వాత వచ్చింది, అక్కడివాళ్లకు అది ఏనుగు మల్లమ్మ కొండ. నాలుగు వేల అడుగుల ఎత్తు. మే నెలలో దుప్పటి కప్పుకునే యోగం రాయలసీమలో ఎంతమందికి పడుతుంది?

అసలు సంగతి పాత్రలది. నువ్వు దాన్ని శిక్ష అనుకున్నావు. ఇంట్లో తిన్న ప్లేటు తీసే అలవాటు కూడా లేదు కాబట్టి అలాగే అనిపిస్తుంది (ఈ వాక్యం రాస్తుంటే మీ అమ్మ వెనక నుంచి చదివి, నా ప్లేటు సంగతి కూడా అడిగింది). క్యాంపులో ఒకరు నీళ్లు తేవాలి, ఒకరు కట్టెలు ఏరాలి, ఒకరు వండాలి, ఒకరు కడగాలి. రోజూ డ్యూటీలు మారతాయి. ఇవాళ నువ్వు కడిగిన గిన్నెలో రేపు నువ్వే వండుతావు.

కట్టెల పొయ్యి మీద పెట్టిన గిన్నెకు పట్టిన మసి ఎంత రుద్దినా వదలడం లేదన్నావు కదా. దానికో ఉపాయం ఉంది. పొయ్యి మీద పెట్టే ముందే గిన్నె అడుక్కి, చుట్టూ బయటివైపు తడిమట్టి పూయాలి. మసి ఆ మట్టికి పడుతుంది. వంటయ్యాక నీళ్లు పోసి చేత్తో తోస్తే మట్టితో పాటు మసి కూడా వచ్చేస్తుంది, లోపల గిన్నె తెల్లగా ఉంటుంది. అయితే ఆ మట్టి పూయాల్సింది కడిగేవాడు కాదు, వండేవాడు. వండేవాడు రెండు నిమిషాలు బద్ధకిస్తే కడిగేవాడు అరగంట తోముతాడు. రేపు నీకు వంట డ్యూటీ వచ్చినప్పుడు ఎవరూ చెప్పకుండానే నువ్వు మట్టి పూస్తావు చూడు. నిన్న నీ గోళ్లలో ఇరుక్కున్న మసి నీకు గుర్తుంటుంది.

జిడ్డునీళ్లు పారబోసే గుంట కూడా నీ బాధ్యతే అన్నారట. దాని మీద పుల్లలు అడ్డంగా పేర్చి గడ్డి పరిచి ఉంటారు, గమనించావా? నూనె, మెతుకులు ఆ గడ్డికి పట్టుకుంటాయి, నీళ్లు కిందికి ఇంకిపోతాయి. రోజూ ఆ గడ్డి తీసి కాల్చేసి కొత్తది పరచాలి. ఒక్క రోజు వదిలేస్తే ఈగలు ముసురుతాయి. ఈగలు ముసిరితే ఎవరో ఒకరికి కడుపు చెడుతుంది. అది నువ్వే కావాలని రూలేమీ లేదు. పాపం, పొద్దున నీళ్ల బిందె మోసిన వాడు కావచ్చు.

బడిలో ఇలా ఉండదు. నువ్వు లెక్క తప్పు చేస్తే నీ మార్కే పోతుంది, పక్కవాడి పేపరులో ఏమీ మారదు. హోంవర్కు ఎగ్గొడితే తిట్లు నీకే. అందుకే ఇన్నేళ్లలో నీ పని మీద ఇంకొకరి అన్నం ఆధారపడి ఉండడం అనేది నీకు ఎదురే కాలేదు. అక్కడ నీళ్ల డ్యూటీవాడు పొద్దున ముసుగుతన్ని పడుకుంటే జట్టులో ఏడుగురికి టిఫిన్ ఆలస్యం. అప్పుడు సార్ తిట్టనక్కర్లేదు, ఆ ఏడుగురి చూపులు చాలు.

మా రైల్వే సెక్షన్‌లో పట్టాలు చూసుకునే కీమ్యాన్ పని నీకు తెలుసు. సుత్తి భుజాన వేసుకుని రోజూ తన బీటు పొడవునా నడుస్తాడు, వదులైన క్లిప్పులు కొట్టి బిగిస్తాడు. ఈ ఎండలకు వెల్డింగ్ చేసిన పొడవాటి పట్టాలు వేడెక్కి పక్కకు ఉబికే ప్రమాదం ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం వేడి మీద కూడా పెట్రోలింగ్ వేస్తాం. ఆ పట్టాల మీద ఏసీ బోగీలో నిద్రపోతూ వెళ్లేవాళ్లకు ఆయన ఎవరో తెలియదు. ట్రెయినింగ్ స్కూల్లో మాకు పట్టాల ఉష్ణోగ్రతల లెక్కలన్నీ నేర్పారు, నేను బాగానే పాసయ్యాను. మిట్టమధ్యాహ్నం చివరి అర కిలోమీటరు ఎగ్గొట్టకుండా నడవడం మాత్రం అక్కడ పరీక్షలో రాలేదు.

ఇక లీడర్ విషయం. నీకు క్లాసులో ఫస్టు ర్యాంకు కాబట్టి లీడర్ నువ్వే అవుతావనుకున్నావు. ఆ తొమ్మిదో తరగతి అబ్బాయి రెండు క్యాంపులు చేసినవాడట. టెంటు తాడు ఏ గాలికి ఎంత బిగించాలో వాడికి తెలుసు. నువ్వు క్లోవ్ హిచ్ ముడి బొమ్మ చూసి గీయగలవు, చీకట్లో వాన పడుతుంటే కట్టగలవా? కట్టగలిగిన రోజు అడుగుదువు గానీ.

1907 ఆగస్టులో, స్కౌట్లను మొదలుపెట్టిన బేడెన్ పవెల్ ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో మొట్టమొదటి క్యాంపు పెట్టినప్పుడు వచ్చినవాళ్లు సుమారు ఇరవై మంది పిల్లలు. కొందరు ఈటన్ లాంటి గొప్పింటి బడులవాళ్లు, మిగతావాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో పనిచేసుకునేవాళ్ల పిల్లలు. అప్పటి ఇంగ్లండులో వీళ్లిద్దరూ ఒకచోట కూర్చుని తినడమే అరుదు. వాళ్లందరినీ కలగలిపి తోడేలు, ఎద్దు, మాలకాకి, కర్లూ పిట్ట అని నాలుగు జట్లు చేశాడు. అదే మనిషి పెట్టిన స్కౌటు ఉద్యమం మన దేశానికి వచ్చాక మొదట్లో తెల్లవాళ్ల పిల్లలకే పరిమితమైంది చూడు, అదీ విడ్డూరం. 1916లో అనిబిసెంట్ మద్రాసులో భారతీయ పిల్లల కోసం వేరుగా స్కౌటు సంఘం పెట్టింది. ఆవిడ 1915లో స్థాపించిన కాలేజీ నువ్వు దాటి వెళ్లిన మదనపల్లెలోనే ఉంది. రోజూ పొద్దున జెండా దగ్గర మీరు పాడే జనగణమనను 1919లో ఠాగూర్ ఇంగ్లీషులోకి రాసుకున్నది ఆ కాలేజీలోనే. దిగేటప్పుడు వీలైతే బస్సు ఆపి చూపించమని సార్‌ను అడుగు.

నీ పక్కన పడుకునే పిల్లవాడి గురించి సార్‌ను నేనే అడిగాను. ఆదోని పక్క పల్లె, హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. కొత్తవాళ్లతో తొందరగా కలవడు. మొన్న కట్టెలు తడిసిపోయి ఏ జట్టు పొయ్యీ అంటుకోకపోతే, రాలిన నీలగిరి ఆకులు ఏరుకొచ్చి, ఎండుపుల్లలు సన్నగా చీల్చి అంటించింది వాడేనట. ఆ ఆకుల్లో నూనె ఉంటుంది, ఇట్టే అంటుకుంటుంది. మీ సైన్సు పుస్తకంలో దహనం పాఠం నీకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు. మరి ఆ పూట టీ తాగింది ఎవరి వల్ల? వాడి దగ్గర పొయ్యి అంటించడం నేర్చుకో. బదులుగా ఏం నేర్పుతావో నువ్వే ఆలోచించుకో. ఒక్క మాట, వంటయ్యాక నిప్పు మీద నీళ్లు పోసి, చేత్తో తాకి చూసి గానీ కదలకండి. వేసవిలో అడవి అది.

రాత్రి క్యాంప్‌ఫైర్ అయ్యాక ఉత్తరం వైపు చూడు. సగం ఆకాశం ఎత్తులో సప్తర్షులు కనిపిస్తారు. గరిటలో కాడకు అవతలి వైపు, గిన్నె అంచున ఉన్న రెండు చుక్కలు క్రతువు, పులహుడు. ఆ రెంటినీ కలిపే గీతను కిందికి ఐదింతలు పొడిగిస్తే ధ్రువనక్షత్రం. మన ప్రాంతంలో అది బాగా కిందికి ఉంటుంది, చెయ్యి చాచి పిడికిలి పెడితే నేల నుంచి ఒకటిన్నర పిడికిలి ఎత్తు. చెట్లు అడ్డొస్తే కాస్త జరిగి వెతుక్కో. వశిష్ఠుడి పక్కన అరుంధతి కూడా ఉంటుంది. మా పెళ్లిలో పురోహితుడు పట్టపగలు చూపించి కనబడిందా అన్నాడు. కనబడిందనే చెప్పాను. నువ్వైనా నిజంగా చూసి రా.

దారి గుర్తుల ఆట కూడా ఆడిస్తారు. రాళ్లతో బాణం పెడితే ఇటు రమ్మని, అడ్డంగా ఇంటూ పెడితే ఇటు వద్దని. వృత్తం గీసి మధ్యలో చుక్క పెడితే "నేను ఇంటికి వెళ్లిపోయాను" అని. కెన్యాలో బేడెన్ పవెల్ సమాధి మీద చెక్కింది కూడా ఆ గుర్తే. నువ్వు మాత్రం క్యాంపు అయ్యేదాకా అది వేయకు.

తిరుగు ప్రయాణంలో మదనపల్లె రోడ్డు స్టేషన్‌లో సార్లతో పాటే ఎక్కు, ధర్మవరంలో దిగి బజ్జీల కోసం పరుగెత్తకు. గుంతకల్లులో నేనుంటాను. నాకు డ్యూటీ పడితే అమ్మ వస్తుంది.

మీ నాయన

తా.క.: అమ్మ రాయమంది. గిన్నెలు తోమాక చేతులకు కొబ్బరినూనె రాసుకో. సీసా సంచి పక్క జేబులోనే ఉందట, నువ్వు ఇంకా చూసి ఉండవట.