ఎనిమిది మందిని కూర్చోబెట్టబోతున్న మా అమ్మాయికి

చిరంజీవి సుధకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరమూ క్షేమం. నాన్నగారి మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టింది. పెరట్లో నిమ్మచెట్టు విరగకాసింది. సగం ఊరగాయ పెట్టి, మిగిలినవి భానక్కయ్య ఇంటికి పంపాను. రాజ్యం పిన్ని మొన్న హైదరాబాదు నుంచి వచ్చి రెండు రోజులు ఉండి వెళ్ళింది. మీ కంపెనీ తయారుచేసిన, మాత్ర వేళైందని మాట్లాడి గుర్తుచేసే మాత్రల డబ్బాను పెద్దవాళ్ళకు చూపించి అభిప్రాయాలు సేకరించే పని నీ మీద పడిందనీ, ఆ ఒక్క సమావేశంలో వచ్చే మాటను బట్టి ఆ పరికరం ఉంటుందో పోతుందో తేలిపోతుందనీ, దానితోపాటే నీ ఉద్యోగం సంగతి కూడా తేలుతుందనీ మాటల మధ్యలో చెప్పింది. అందులో ఎంత నిజమో ఇప్పుడు అడగను. నువ్వు ఫోను చేసి చాలా రోజులైంది, చేసినా "తర్వాత మాట్లాడతానమ్మా" అని పెట్టేస్తున్నావు కాబట్టి, ఈ బృంద చర్చ గురించి నాకు తోచినవి కాగితం మీద పెడుతున్నాను.

నా ఉద్యోగమంతా ఆడవాళ్ళను చాపల మీద గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడించడంతోనే గడిచిందని నీకు తెలుసు. రాజేంద్రనగర్‌లో గ్రామీణాభివృద్ధి సంస్థ శిక్షణకు వెళ్ళినప్పుడు ఈ పద్ధతి ఎలా పుట్టిందో అక్కడ ఒక ఆచార్యులు చెప్పారు. 1941 నవంబరులో న్యూయార్కులో పాల్ లాజర్స్‌ఫెల్డ్ అనే పరిశోధకుడు తన సహోద్యోగి రాబర్ట్ మెర్టన్‌ను భోజనానికి పిలిచి, భోజనం చేయకుండానే రేడియో స్టూడియోకు వెంటబెట్టుకు వెళ్ళాడట. అక్కడ శ్రోతలు కార్యక్రమం వింటూ నచ్చినచోట ఆకుపచ్చ మీటా, నచ్చనిచోట ఎర్ర మీటా నొక్కుతున్నారు. తర్వాత ఒకాయన వాళ్ళను కూర్చోబెట్టి కారణాలు అడుగుతున్నాడు. అడిగే తీరులోనే జవాబు అందించేస్తున్నాడని మెర్టన్ తప్పుపట్టగా, అయితే తర్వాతి బృందాన్ని నువ్వే అడుగు అని లాజర్స్‌ఫెల్డ్ ఆ పని ఆయనకే అప్పగించాడు. ఇటువంటి బృంద చర్చనే ఇంగ్లీషులో ఫోకస్ గ్రూపు అంటారు, దానికి మూలం అది. ఆ మెర్టనే ఎన్నో ఏళ్ళ తర్వాత 1987లో, ఇటువంటి చర్చల్లో దొరికేవి ఇంకా పరీక్షించవలసిన ఆలోచనలే తప్ప రుజువులు కావని స్పష్టంగా రాశాడు. మీ పైవాళ్ళకు ఈ సంగతి చెప్పు. ఎనిమిది మంది ఒక పూట మాట్లాడిన మాటలతో ఒక వస్తువు భవితవ్యాన్నే తేల్చకూడదు. ఇక ఒక మనిషి ఉద్యోగాన్ని తేల్చడం ఏం న్యాయం?

ఎవరిని పిలవాలన్నది మొదట ఆలోచించు. ఒక్కో బృందంలో ఆరు నుంచి ఎనిమిది మందికి మించకుండా, కనీసం మూడు బృందాలైనా ఏర్పాటు చెయ్యి. ఆడవాళ్ళను, మగవాళ్ళను విడివిడిగా కూర్చోబెట్టు. అత్తాకోడళ్ళను, భార్యాభర్తలను ఒకే గదిలోకి రానివ్వకు, ఎందుకంటే మాత్ర వేసుకోవడం మరిచిపోయానన్న మాట భర్త ముందు ఏ ఇల్లాలూ చెప్పదు, కోడలి ముందు ఏ అత్తగారూ చెప్పదు. మీ ఆఫీసు వాళ్ళ తల్లిదండ్రులనే పిలిస్తే సులువని ఎవరో ఒకరు అంటారు, ఒప్పుకోకు. వాళ్ళు పిల్లల ముఖం చూసి మెచ్చుకుంటారు. చర్చ నడిపేది కూడా నువ్వు కాకపోవడమే మంచిది. నువ్వు తయారుచేసిన వస్తువని తెలిసిన క్షణం నుంచి పెద్దవాళ్ళు నిన్ను నొప్పించని మాటలే వెతుక్కుంటారు. నువ్వు ఒక మూల కూర్చుని రాసుకో, మాట్లాడించే పని ఇంకొకరికి అప్పగించు.

నీకు పొగలేని పొయ్యి కథ చెప్పానో లేదో గుర్తులేదు, చెప్పి ఉన్నా మళ్ళీ విను. 1983లో కేంద్ర ప్రభుత్వం ఆ పొయ్యిల పథకం మొదలుపెట్టిన తర్వాత, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా పరిధిలోని ఒక ఊరిలో చాలా ఇళ్ళలో ఆ పొయ్యిలు కట్టించారు. రెండు కళ్ళ పొయ్యి, పొగ పైకి పోవడానికి కప్పుమీదికి సిమెంటు గొట్టం. ఎలా పనిచేస్తున్నాయో తెలుసుకుని రమ్మని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. రామాలయం అరుగు మీద పాతికమంది ఆడవాళ్ళను సమావేశపరిచారు. సర్పంచి గారు ఒక పక్క కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పొయ్యి బాగుందా అని అడిగితే, బాగుందన్నారు. పొగ తగ్గిందా అంటే, తగ్గిందన్నారు. కట్టెలు కలిసివస్తున్నాయా అంటే, వస్తున్నాయన్నారు. మాతో వచ్చిన అధికారి సంతోషంగా అంతా రాసుకుని జీపెక్కారు. నాకు ఆఖరి బస్సుకు ఇంకా వేళ ఉండటంతో, నన్ను చూసి నవ్విన ఒకావిడ వెంట మంచినీళ్ళు తాగడానికి వాళ్ళ ఇంటికి వెళ్ళాను. పొయ్యి చక్కగా అలికి, ముగ్గు పెట్టి ఉంది. ఒక కంటి మీద చింతపండు జాడీ, ఇంకో కంటి మీద ఉప్పు కుండ ఉన్నాయి. అన్నం మాత్రం పెరట్లో మూడు రాళ్ళ మీద ఉడుకుతోంది. అదేమిటమ్మా అని అడిగితే ఆవిడ వంటగిన్నె తెచ్చి పొయ్యి మీద పెట్టి చూపించింది. పదిమంది తినే ఇంటి గిన్నె అడుగు ఆ కంటికి ఎక్కడా పొసగలేదు. కట్టెలను ముక్కలుగా నరికితే తప్ప నోట్లో పట్టవనీ, నరికే మగవాడు చీకటితోనే పొలానికి పోతాడనీ చెప్పింది. మరి అరుగు మీద ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగితే, "సర్కారు ఊరికే ఇచ్చిన దాన్ని నలుగురిలో బాగాలేదంటే బాగుంటుందా అమ్మా?" అంది. ఆ సాయంత్రం ఇంకా కొన్ని ఇళ్ళు తిరిగాను. ప్రతి ఇంట్లోనూ గిన్నె సంగతే. అంతా వివరంగా రాసి ఇచ్చాను. పైకి వెళ్ళిన నివేదికలో మాత్రం అరుగు మీది మాటలే ఉన్నాయి.

అందుకని తల్లీ, నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టే ముందు ఆ డబ్బాను ఒక్కొక్కరి చేతికి విడిగా ఇచ్చి, ఏమీ చెప్పకుండా చూస్తూ ఉండు. వీలైతే ఒక వారం వాళ్ళ ఇంట్లోనే ఉంచి, తర్వాత చర్చకు పిలువు. పిన్ని ఫోనులో ఆ డబ్బా ఫోటో చూశాను, ముందువైపు అద్దం తెర ఉంది. మన పెద్దమ్మ ఫోను వాడే తీరు ఎప్పుడైనా గమనించావా? వయసుకు బొటనవేలి చర్మం ఎండి గరుకెక్కింది కనుక తెరకు ఆ తాకిడి తెలియదు. తెలియలేదని ఆవిడ ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసేపు నొక్కుతుంది. అప్పుడు అడగనిదేదో తెరుచుకుంటుంది. బెదిరిపోయి ఫోను బోర్లించి పెట్టేస్తుంది. ఆ పెద్దమ్మనే నలుగురిలో అడిగితే, నాకంతా వచ్చు అనే చెబుతుంది. ఇంకొక సంగతి. ఈ వయసువాళ్ళకు మాత్రల వేళ గడియారంలో ఉండదు. థైరాయిడ్ మాత్ర కాఫీకి ముందు, షుగరు మాత్ర భోజనానికి ముందు, బీపీ మాత్ర టిఫిను అయ్యాక. ఏకాదశినాడు భోజనమే చేయనివాళ్ళకు మధ్యాహ్నం మాత్ర వేళైందని డబ్బా అరిస్తే వాళ్ళేం చేస్తారో తప్పక అడుగు. అది మాట్లాడే తెలుగు కూడా వినిపించి చూడు. "ఔషధాన్ని స్వీకరించండి" అంటే గుడి మైకులో ప్రకటనలా ఉంటుంది, "మాత్ర వేసుకోండి" అంటే చాలు.

ప్రశ్నల విషయానికి వస్తే, "బాగుందా", "కొంటారా" అన్న మాటలు జాబితాలోంచి కొట్టెయ్యి. "నిన్న రాత్రి మాత్ర ఎలా వేసుకున్నారో మొదటినుంచి చెప్పండి" అని మొదలుపెట్టిస్తే, కళ్ళజోడు ఎక్కడుందో, మంచినీళ్ళు ఎవరిచ్చారో అన్నీ వాటంతటవే బయటపడతాయి. ఎంతమందికి నచ్చిందని చేతులెత్తించి లెక్క రాయవద్దు. అంత చిన్న బృందంలో ఆ లెక్కకు అర్థం లేదు. ప్రతి బృందంలోనూ మన రాఘవయ్య మాస్టారి లాంటివారు ఒకరు ఉంటారు, వారు నోరు విప్పితే మిగిలినవారు తలూపడమే. అందుకే చర్చ మొదలుపెట్టే ముందు ప్రతి ఒక్కరి చేతా తమ అభిప్రాయం ఒక కాగితం మీద రాయించు, రాయలేనివారి మాట పక్కకు తీసుకువెళ్ళి నువ్వే రాసుకో.

ఏర్పాట్ల మాట కూడా చెప్పనీ. పదిన్నరకు పెట్టు, టిఫిను చేసి వస్తారు, మధ్యాహ్నం భోజనం వేళకు ఇల్లు చేరతారు. గంటన్నరకు మించి సాగదీయకు. లిఫ్టు లేని మేడ మీద పెట్టకు, బాత్రూము దగ్గరలో ఉందో లేదో చూసుకో, చదివే కళ్ళజోడు తెచ్చుకోమని ముందురోజు ఫోను చేసి గుర్తుచెయ్యి. షుగరు ఉన్నవాళ్ళకు బిస్కట్లు కాకుండా మరమరాలో, వేయించిన శనగలో పెట్టించు. ఆటో ఖర్చులు, ఇవ్వదలచిన సొమ్ము ఎంతో ముందే చెప్పి, ఏ మాట అన్నా అంతే ఇస్తామని స్పష్టం చెయ్యి. మాటలు రికార్డు చేసేటట్లయితే ముందుగా అనుమతి అడుగు. ఎవరికి ఏ జబ్బు ఉందో బయటపడే చర్చ ఇది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం కూడా వచ్చింది కనుక, ఆ రికార్డింగు ఎవరు వింటారో, ఎప్పుడు చెరిపేస్తారో వాళ్ళకు తెలుగులో చదివి వినిపించాకే సంతకం తీసుకో.

నువ్వు కూడా ఆ రోజు ఖాళీ కడుపుతో వెళ్ళకు. రమణ ఎల్లుండి వస్తున్నాడు, సున్నుండలు, నిమ్మకాయ ఊరగాయ పంపుతున్నాను. మాదాపూర్ నుంచి రాత్రి పదింటికి స్కూటీ మీద వస్తున్నావని పిన్ని చెప్పింది, అది మానెయ్యి. నీ ఉద్యోగం గురించి పిన్ని చెప్పింది నిజమే అయితే, ఇంటద్దె గురించి గానీ, చిన్నబాబు ఫీజు గురించి గానీ దిగులు పెట్టుకోకు. నాన్నగారు బ్యాంకులో వేసిన సొమ్ము వచ్చే నెలలో చేతికి వస్తుంది, దాన్ని మళ్ళీ ఎక్కడా వేయాలని ఇంకా అనుకోలేదు. నిజం కాకపోతే కాదని ఒక్క మాట చెప్పు. ప్రశ్నల జాబితా సిద్ధం కాగానే నాకు వాట్సాప్‌లో పంపు, చదివి దిద్ది తిరిగి పంపుతాను. ఆదివారం పొద్దున్న నాన్నగారూ నేనూ ఇంట్లోనే ఉంటాం, అప్పుడు తీరికగా ఫోను చెయ్యి.

ఆశీస్సులతో,
అమ్మ