సింధు నాగరికత: తేలని ప్రశ్నకు ‘కీ’ ఎలా ఇస్తారు?

సంపాదకులు గారికి,
నమస్కారం.

సింధు నాగరికత వేద నాగరికతేనా, కాదా? ఈ గొడవ టీవీ చర్చలు దాటి పాఠ్యపుస్తకాల్లోకి, అక్కడి నుంచి పోటీ పరీక్షల బిట్లలోకి వచ్చేసింది. ఎన్‌సీఈఆర్‌టీ 2024లో తెచ్చిన ఆరో తరగతి సాంఘికశాస్త్రం పుస్తకంలో హరప్పా నాగరికతకు ‘సింధు–సరస్వతి’ అన్న పేరు కూడా చేరింది. అదే ఏడాది 12వ తరగతి చరిత్ర పుస్తకంలో, హరప్పా కాలపు ఊరు రాఖీగఢీలో దొరికిన అస్థిపంజరం డీఎన్‌ఏ సంగతి చేర్చి, హరప్పా వాళ్ళ నుంచి మన దాకా 5000 ఏళ్ళ తెగని వరుస ఉందన్న ధోరణిలో మార్పులు చేశారు. నేను గ్రూప్స్ అభ్యర్థులకు చరిత్ర చెబుతాను. పుస్తకంలో మాట మారితే ముందు టెన్షన్ పడేది మా పిల్లలే. ‘సార్, ఎగ్జామ్‌లో ఏది పెట్టాలి?’ అంటారు. ఏది నిజం అని అడిగేవాళ్ళు తక్కువ. వాళ్ళనేం అనగలం, ఒక్క మార్కు తేడాతో ఉద్యోగాలు పోయే చోట!

పేరు దగ్గర నాకు పెద్దగా పేచీ లేదు. కాళీబంగన్, బనావలీ, భిర్రానా లాంటి హరప్పా కాలపు చోట్లు హర్యానా, రాజస్థాన్‌లలోని ఘగ్గర్ నది ఎండుపాయ వెంబడే ఉన్నాయి, దాన్ని ఎవరూ కాదనరు. ఋగ్వేదం పొగిడిన సరస్వతి ఈ ఘగ్గరేనని చాలామంది పండితులు ఒప్పుకుంటారు కూడా. చిక్కల్లా హరప్పా కాలంలో ఆ నది ఎలా పారేదన్న దగ్గరే. అప్పటికి అది హిమాలయాల నుంచి వచ్చే పెద్ద నది కాదని, వానల మీద నడిచే నది అని 2012లో ఒక అధ్యయనం చెప్పింది. సట్లెజ్ అంతకు వేల ఏళ్ళ ముందే ఆ దారి వదిలి పక్కకు తప్పుకుందని 2017లో మరొకటి వచ్చింది. 2019లో ఇంకో బృందం అక్కడి ఇసుకను పరీక్షించి, సుమారు 4500 ఏళ్ళ కిందటి దాకా ఏడాది పొడవునా నీళ్ళు పారాయని రాసింది. భూగర్భ శాస్త్రవేత్తల మధ్యే తగువు తెగలేదు. ఇది ఆరో తరగతి పిల్లకు అర్థం కాదని ఎందుకనుకోవాలి? ఊరి వాగు ఒక్క వరదకు ఎటు జరిగిందో చూసిన పిల్లే కదా.

పశుపతి ముద్ర సంగతి చూడండి. మొహెంజొదారోలో 1928–29 తవ్వకాల్లో దొరికింది, ఇప్పుడు ఢిల్లీలోని జాతీయ మ్యూజియంలో ఉంది. పుస్తకాల్లో పేజీ నిండా బొమ్మ వేస్తారు గానీ, అసలుది మూడున్నర సెంటీమీటర్ల బలపపు రాతి బిళ్ళ. కొమ్ముల కిరీటం పెట్టుకుని, మడమలు దగ్గరకు చేర్చి పీట మీద కూర్చున్న ఒక ఆకారం. చుట్టూ ఏనుగు, పులి, ఖడ్గమృగం, దున్న. పీట కింద జింకల్లాంటివి రెండు. మూడు ముఖాలు, యోగాసనం, చుట్టూ జంతువులు... ఇవన్నీ చూసి పురావస్తు శాస్త్రవేత్త జాన్ మార్షల్ 1931లో ‘శివుడి తొలి రూపం’ అన్నాడు. తర్వాత డోరిస్ శ్రీనివాసన్ అనే పరిశోధకురాలు, పక్కన కనిపించేవి ముఖాలు కావు, పశువు చెవులన్నారు. వేదకాలపు పశుపతి కాపాడేది ఇంటి మందలను, ఈ బిళ్ళ మీదున్నవి అడవి మృగాలని కూడా అభ్యంతరం చెప్పారు. కొమ్ములు దున్నవి కాబట్టి మహిషాసురుడి కథ వైపు చూసినవాళ్ళూ ఉన్నారు. ఆకారం తల పైన ఒక వరుస గుర్తులున్నాయి. అవి చదవగలిగితే సగం గొడవ తీరిపోయేది. కానీ సుమారు 400 గుర్తులున్న ఆ సింధు లిపిలో ఒక్కో రాతకు సగటున అయిదే గుర్తులు, పక్కన తెలిసిన భాషలో అనువాదం ఉన్న రాత ఒక్కటీ దొరకలేదు. 2025 జనవరిలో స్టాలిన్ తమిళనాడు ప్రభుత్వం తరఫున, లిపిని చదివినవారికి పది లక్షల డాలర్లు ఇస్తామని ప్రకటించింది అందుకే. మన గైడ్లలో మాత్రం ‘హరప్పా ప్రజల ప్రధాన పురుష దైవం – పశుపతి మహాదేవుడు’ అని ఒక్క లైను. ఒక మార్కు.

ఇక రాఖీగఢీ. హర్యానాలోని ఆ ఊళ్ళో 60కి పైగా ఎముకల నమూనాలు పరీక్షిస్తే, పనికొచ్చే డీఎన్‌ఏ ఇచ్చింది ఒకే ఒక్క స్త్రీ అస్థిపంజరం. మన ఎండకు, మన నేలకు డీఎన్‌ఏ నిలవడం అంత కష్టం. 2019 సెప్టెంబరులో వచ్చిన ఆ వ్యాసం చెప్పింది ఇది: ఆమెలో ఈ ఉపఖండపు పాత వేట జాతుల వారసత్వం ఉంది, ఇరాన్ వైపు జనంతో వ్యవసాయం పుట్టక ముందే విడిపోయిన ఇంకో శాఖ వారసత్వం ఉంది, మధ్య ఆసియా గడ్డిమైదానాల వాళ్ళది మాత్రం లేదు. అంతే, ‘ఆర్యులు రాలేదని డీఎన్‌ఏ తేల్చేసింది’ అని హెడ్డింగులు వచ్చాయి. బృందానికి నాయకత్వం వహించిన వసంత్ షిండే గారే విలేకరులతో ఆ ధోరణిలో మాట్లాడారు. కానీ ఆ వ్యాసంలోనే, గడ్డిమైదానాల జనం తర్వాతి కాలంలో ఇటు వచ్చారని, ఇండో–యూరోపియన్ భాషలు అలా వచ్చి ఉండవచ్చని రాసుంది. అదే వారం వెలువడిన రెండో వ్యాసం 500 మందికి పైగా ప్రాచీన మానవుల డీఎన్‌ఏ చూసి, ఆ రాక క్రీ.పూ. 2000–1500 మధ్య జరిగిందంది. షిండే గారి పేరు రెండిట్లోనూ ఉంది. 4500 ఏళ్ళ కిందటి మనిషిలో లేనంత మాత్రాన తర్వాత ఎవరూ రాలేదని ఎలా అవుతుంది?

అవతలి పక్షానికీ చెప్పాలి. ‘సింధు నాగరికత పతనానికి కారణం – ఆర్యుల దండయాత్ర’ అన్న బిట్టు కొన్ని గైడ్లలో ఇంకా బతికే ఉంది. మొహెంజొదారో వీధుల్లో దొరికిన అస్థిపంజరాలను చూపి 1940లలో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ కట్టిన కథ అది. ఆ ఎముకలన్నీ ఒకే కాలానివి కావని, ఊచకోత జరిగిన ఆనవాళ్ళు లేవని 1964లోనే జార్జ్ డేల్స్ అనే మరో పురావస్తు శాస్త్రవేత్త చూపించాడు. వానలు తగ్గడం, నదులు దారి మార్చడం, నగరాల్లోని జనం మెల్లగా చిన్న ఊళ్ళకు చెదిరిపోవడం అని ఇప్పుడు ఎక్కువమంది చెబుతున్నారు. కొత్త జనం రాకను దండయాత్ర అనడం ఎంత తప్పో, అసలు రాకే లేదనడమూ అంతే తప్పు.

మరి ఆనాటిది మన దాకా ఏమీ రాలేదా అంటే, వచ్చింది. కాళీబంగన్‌లో తొలి హరప్పా కాలపు దున్నిన పొలం ఒకటి బయటపడింది. చాళ్ళు ఒకవైపు దాదాపు 30 సెంటీమీటర్ల ఎడంలో, వాటికి అడ్డంగా రెండోవైపు దాదాపు రెండు మీటర్ల ఎడంలో ఉన్నాయి. దగ్గరి చాళ్ళలో ఉలవలో శనగలో, దూరం చాళ్ళలో ఆవాలు వేసే పద్ధతి తవ్వకాలు జరిగిన రోజుల్లోనూ ఆ చుట్టుపక్కల రైతులకు ఉంది. బలూచిస్తాన్‌లోని నౌషారోలో దొరికిన మట్టి బొమ్మల్లో ఆడవాళ్ళ పాపిట ఎర్ర రంగుంది. మొహెంజొదారో కంచు బొమ్మకు ఎడమచేతి నిండా గాజులే. నాకైతే ఏ నినాదం కన్నా ఆ చాళ్ళు ఎక్కువ చెబుతాయి. అయితే వ్యవసాయం, అలంకారం కొనసాగాయని చెప్పడం వేరు, దేవుడూ మంత్రమూ కొనసాగాయని చెప్పడం వేరు. పైగా మన సమాజానికి మూలం ఆ ఒక్క లోయే కాదు. హరప్పాలో కాల్చిన ఇటుకలతో ఊళ్ళు కడుతున్న కాలంలోనే, పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో పశువుల కాపరులు దొడ్లలో పోగైన పేడను కాల్చిన బూడిద దిబ్బలున్నాయి. 1957లో అక్కడ ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వకాలు జరిపాడు. ఆ కాపరులు మన పూర్వీకులు కారా? చర్చల్లో వాళ్ళ ఊసే ఉండదు.

హిందూ సమాజం ఎప్పుడు, ఎలా ఏర్పడిందన్న ప్రశ్నకు అసలు ఆధారాలు ఇంకోచోట ఉన్నాయని నా అభిప్రాయం. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్ బృందంతో కలిసి 2009లో, 2013లో ప్రచురించిన పరిశోధనలు చూడండి. సుమారు 4200 నుంచి 1900 ఏళ్ళ కిందటి వరకు ఈ దేశంలో దాదాపు అన్ని సమూహాలూ ఒకదానితో ఒకటి కలిశాయి. ఆ తర్వాత పెళ్ళిళ్ళు ఎవరి గడపలో వాళ్ళవే అయ్యాయి. వాళ్ళు చూపిన ఉదాహరణల్లో ఒకటి మన తెలుగు వైశ్యులది. కనీసం రెండు వేల ఏళ్ళకు పైగా లోపలి పెళ్ళిళ్ళే కావడంతో, ఆపరేషన్‌కు ముందు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు వారిలో కొందరికి సరిపడదు. మత్తు డాక్టర్లకు తెలిసిన విషయమే ఇది. అంటే ఇవాళ మనం చూసే కట్టుదిట్టమైన కులం హరప్పా నగరాలు ఖాళీ అయిన చాలాకాలానికి బిగుసుకుంది. దీని మీద ఏ ఛానెల్లోనూ చర్చ పెట్టరు. మూలాలు ఎంత పాతవో చెప్పుకోవడానికి ఉన్న సరదా, మధ్యలో తలుపులు ఎప్పుడు మూసుకున్నామో తెలుసుకోవడానికి ఉండదు మరి.

పాఠ్యపుస్తకాలు రాసేవారికి నా విన్నపం: పశుపతి ముద్ర బొమ్మ కింద ఆ పేరు పెట్టింది ఎవరో, ఎప్పుడో, కాదన్నవాళ్ళు ఏమన్నారో మూడు లైన్లు వేయండి. పరీక్షల బోర్డులు తేలని విషయాలను ఆబ్జెక్టివ్ బిట్లుగా అడగకుండా మెయిన్స్‌కు వదిలేయాలి. అక్కడ అభ్యర్థి రెండు వాదాలూ రాసి తన మాట చెప్పుకుంటాడు. ‘డీఎన్‌ఏ తేల్చింది’ అన్న వార్త వచ్చినప్పుడు ఎన్ని నమూనాలు పరీక్షించారో, ఎన్ని పనికొచ్చాయో మీ పత్రికలో మొదటి పేరాలోనే రాయండి. సీసీఎంబీ హబ్సిగూడలోనే ఉంది కదా. ఆ పరిశోధనల్లో పాలుపంచుకున్నవారితో మాట్లాడి, వాళ్ళ ఫలితాలేమిటో తెలుగులో ఒక ఆదివారం పూర్తి పేజీ వేయండి. మా క్లాసులో గోడకు అంటించే పూచీ నాది.

ఇట్లు,
ఒక చరిత్ర అధ్యాపకుడు,
హనుమకొండ