స్పాట్ వాల్యుయేషన్ లాంటిదే నాన్నా

నాన్నా,

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్‌లో అడిగితే "బాగుందిలే" అని మాట మార్చేస్తుంది. అందుకే నిన్ను అడుగుతున్నా. నా పని మామూలే. క్లాసులు, చలి.

పత్రికకు పంపిన నా వ్యాసం తిరిగొచ్చింది. టెన్షన్ పడొద్దు, మార్పులు చేసి మళ్లీ పంపమన్నారు. అంతకుముందు ఇంకో పత్రిక వాళ్లు రెండు లైన్లలో తిప్పికొట్టినారు. అది మీకు చెప్పలేదు. చెప్పుంటే అమ్మ కొండకు మొక్కుకునేది.

రాస్తే ఎంతిస్తారని మామ అడిగినాడంట. ఏమీ ఇవ్వరు, అచ్చుకు ముందు దాన్ని చదివి దిద్దే తోటి పరిశోధకులకు కూడా. టెన్త్ స్పాట్ వాల్యుయేషన్‌లో నంబరు కనబడకుండా కోడింగ్ చేస్తారే, ఇదీ అంతే. రాసిందెవరో వాళ్లకు తెలియదు, దిద్దిందెవరో నాకు తెలియదు. కాకపోతే ఒక్క పేపరుకు ఐదు నెలలు! ఇదేదో కొత్త పిచ్చి అనుకోకు. సోషల్ టీచర్లు చదివే పత్రిక ఇక్కడ అమెరికాలో 1909లోనే మొదలైంది. మన చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో కదా.

ఆ కోడింగ్ కోసమే నీ పేరు, చంద్రగిరి పేరు తీసేయాల్సి వచ్చింది. నేను రాసింది చంద్రగిరి కోటలోని రాజమహల్‌లో నువ్వు చెప్పిన పాఠం గురించే. తొమ్మిదో తరగతిని కోటకు నడిపించుకుపోయి, "మూడంతస్తుల కప్పుల్లో ఒక్క చెక్క దూలం చూపించండ్రా, బోండాలు నావి" అన్నావు. మెడలు నొప్పి పుట్టేదాకా పైకి చూసినాం. రాయి, ఇటుక, సున్నం, అంతే. తర్వాత అడిగినావు: "1639లో ఇంగ్లీషోళ్లకు మద్రాసు జాగా ఇచ్చింది ఈ కోట రాజా, ఆయన కింది దామెర్ల నాయకుడా? మీకెట్లా తెలుసు?" జవాబు చెప్పకుండా క్యారియర్ విప్పినావు. ఇప్పుడు అదంతా "దక్షిణ భారతదేశంలోని ఒక పట్టణం, ఒక ఉపాధ్యాయుడు" అయిపోయింది. ఆ లైను టైపు చేసి, లేచిపోయి టీ పెట్టుకున్నా. అచ్చయ్యేటప్పుడు ఊరి పేరు మళ్లీ పెట్టుకోవచ్చు. నీ పేరుకు మాత్రం నీ సంతకం కావాలి.

సంగటి ఇక్కడా చేసుకుంటున్నా, కాస్త ఉండలు కడుతోంది. తిండి మానేశానని అవ్వతో చెప్పిందెవరు?

దిద్దినవాళ్లలో ఒకరు, "పిల్లలు నిజంగా నేర్చుకున్నారనడానికి ఆధారమేది?" అని రాశారు. ఆ రాత్రి కోపంతో నిద్ర పట్టలేదు. పొద్దున లేచి చూస్తే, అది నువ్వడిగిన ప్రశ్నే కదా అనిపించింది.

అటక మీద ట్రంకు పెట్టెలో, కోట చూసొచ్చాక మేము రాసిన కాగితాలు ఉండాలి. ఎవరు రాజన్నారో, ఎవరు నాయకుడన్నారో అందులో ఉంటుంది. పేర్లు మూసేసి ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టు. నాది కూడా. నేను రాజనే రాసినట్టు గుర్తు, నవ్వొద్దు.

అటక నువ్వెక్కొద్దు. పక్కింటి పిల్లోడిని ఎక్కించు.

నీ పాప