మీ కాగితాలున్న హార్డ్ డిస్క్ గురించి

మా దగ్గర జీఎస్టీ, ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లు వేయించుకుంటున్న అందరికీ నమస్కారం.

ముందు పని చెప్తాను, తర్వాత కారణం. ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్ పాస్‌వర్డ్ నాకిచ్చిన వాళ్లందరూ ఈరోజే దాన్ని మార్చేయండి. కొత్తది నాకు చెప్పకండి.

పోయిన నెల 18న, మీ కాగితాల బ్యాకప్ ఉండే 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ మా ఇంటి కంప్యూటర్‌లో కనపడటం మానేసింది. 20కి జీఎస్టీఆర్-3బీ, అంటే నెలవారీ జీఎస్టీ రిటర్న్, గడువు. టెన్షన్‌లో ఏమీ ఆలోచించకుండా పెరంబూరు నుంచి చెన్నైలో కంప్యూటర్ షాపులుండే రిచీ స్ట్రీట్‌కు పరుగెత్తాను. అక్కడ ఒక షాపులో కుర్రాడు కేబుల్ మార్చి పెట్టగానే డిస్క్ తెరుచుకుంది. పాడైంది కేబులే. హమ్మయ్య అనుకునేలోపే స్క్రీన్ మీద మీ ఫోల్డర్లు వరసగా కనిపించాయి, ఒక్కో పేరు, పక్కనే పాన్ నంబర్. నా పక్కన నిలబడ్డ ఒకాయన, తెలుగాయనే, అందులో ఒక పేరు చదివి "ఈయన మన గోవిందప్ప నాయకన్ వీధి ఆయనే కదమ్మా?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు.

తర్వాత ఆ అబ్బాయి "ఒకసారి చెక్ చేసిస్తానక్కా" అని డిస్క్‌ను లోపలి గదిలోకి తీసుకెళ్లాడు. సుమారు ఇరవై నిమిషాలు అది నా కంటికి కనపడలేదు. వద్దనాల్సింది, అనలేదు. ఎవరైనా కాపీ తీసుకున్నారని నేను అనడం లేదు. తీసుకోలేదని చెప్పడానికి నా దగ్గర ఆధారమూ లేదు. అందుకే ఈ సంగతి మీకు నా నోటితోనే తెలియాలనుకున్నాను.

ఆ డిస్క్‌లో మీ పాన్, ఆధార్ స్కాన్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, పాత రిటర్న్‌లు ఉన్నాయి. అన్నిటికంటే నన్ను నిద్రపోనివ్వనిది మీ పోర్టల్ పాస్‌వర్డ్‌లన్నీ రాసుకున్న ఒక ఎక్సెల్ షీట్. ఏఐఎస్ (మీ ఏడాది ఆదాయ, లావాదేవీల వివరాలతో ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్ ఇచ్చే పత్రం) పీడీఎఫ్‌లకు పాస్‌వర్డ్ ఉంటుంది కదా అనుకోకండి. అది మీ పాన్ చిన్న అక్షరాల్లో, వెంటనే పుట్టిన తేదీ, అంతే. ఆ రెండూ అదే ఫోల్డర్‌లో ఉన్నాయి.

కంప్యూటర్‌కు లాగిన్ పాస్‌వర్డ్ ఉంది కాబట్టి భయం లేదని ఇన్నేళ్లూ నమ్మాను. ఆ పాస్‌వర్డ్ ఎక్స్‌టర్నల్ డిస్క్‌కు వర్తించదు. దాన్ని తీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే ఏమీ అడగకుండా తెరుచుకుంటుంది. ఎన్‌క్రిప్ట్ చేస్తే మాత్రం లోపలున్నదంతా అర్థం కాని అంకెలుగా మారిపోతుంది. సరైన పాస్‌వర్డ్ కొడితేనే మళ్లీ ఫైళ్లుగా కనిపిస్తుంది.

మా కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ హోమ్. బిట్‌లాకర్ అనేది డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సొంత సౌకర్యం. వేరే చోట దానితో తాళం వేసిన డిస్క్‌ను హోమ్ తెరవగలదు కానీ, కొత్తగా తాళం వేయడానికి విండోస్ ప్రో కావాలి. అందుకే వెరాక్రిప్ట్ వాడాను. 2013 నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. ఇలాంటి పనే చేసే పాత సాఫ్ట్‌వేర్ ట్రూక్రిప్ట్ కోడ్ మీద కట్టారు, కోడ్‌ను ఎవరైనా తెరిచి పరీక్షించుకోవచ్చు. ముందు అన్నీ ఒక కొత్త డిస్క్‌లోకి కాపీ చేసుకుని, తర్వాతే పాత డిస్క్ మీద చెయ్యి వేశాను. తాళానికి కావలసిన రాండమ్ సంఖ్యల కోసం వెరాక్రిప్ట్ మౌస్‌ను ఎంత గజిబిజిగా కదిపితే అంత మంచిదంటుంది, ఆ పని మా అమ్మాయి చేసింది. క్విక్ ఫార్మాట్ పెడితే నిమిషాల్లో అయిపోయేది. కానీ అందులో పాత ఫైళ్ల ఆనవాళ్లు డిస్క్ మీదే మిగిలిపోతాయి, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వాటిని బయటికి లాగొచ్చు. అందుకని పూర్తి ఫార్మాట్ పెట్టి రాత్రంతా వదిలేశాను. మర్నాడు ఫైళ్లను దాంట్లోకి తిరిగి ఎక్కించాక, ఆ కొత్త డిస్క్‌కూ అలాగే చేసి రెండో కాపీ పెట్టాను. అది ఇప్పుడు విల్లివాక్కంలో మా తమ్ముడింట్లో ఉంది. ఎన్‌క్రిప్ట్ చేసినంత మాత్రాన డిస్క్ పాడవకుండా ఉండదు, రెండో కాపీ ఉండి తీరాలి.

ఒక ప్రమాదం ముందే తెలిసింది కాబట్టి బతికిపోయాను. ఇలా తాళం వేసిన డిస్క్‌ను తగిలించగానే విండోస్ దాన్ని గుర్తుపట్టలేక ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. సరే అన్నామంటే మొదటికే మోసం. డిస్క్ మీద "ఫార్మాట్ అడిగితే క్యాన్సిల్" అని తెలుగులో చీటీ అంటించి, ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

పాస్‌వర్డ్ మర్చిపోతే వెరాక్రిప్ట్ వాళ్లు కూడా తెరవలేరు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఆరు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకున్నాను. ఇరవై అక్షరాలకు తగ్గితే అదే హెచ్చరిస్తుంది. కాగితం మీద రాసి, కవరు అంటించి బ్యాంక్ లాకర్‌లో పెట్టాను. నాకేమైనా అయితే మీ లెక్కలు ఆగకూడదని ఆ కవరు సంగతి మా వారికి చెప్పాను.

ఇంత చేసినా ఆ ఇరవై నిమిషాలు వెనక్కి రావు. తాళం ఇకముందు జరిగేదానికే. డిస్క్ తెరిచి ఉన్నంతసేపూ కంప్యూటర్‌లో వైరస్ ఉంటే దానికీ అన్నీ కనిపిస్తాయి కాబట్టి, పని కాగానే డిస్‌మౌంట్ చేసి, అంటే మళ్లీ తాళం వేసి, బీరువాలో పెడుతున్నాను.

ఎక్సెల్ షీట్ తీసేశాను. ఇకమీదట నేను పాస్‌వర్డ్‌లు అడగను. రిటర్న్ వేసే రోజు మీరే లాగిన్ అవ్వండి, పక్కన కూర్చుని నేను పూర్తి చేస్తాను. పోర్టల్‌లో ఈ-ఫైలింగ్ వాల్ట్ అనే సౌకర్యం ఉంది, అది పెట్టుకుంటే పాస్‌వర్డ్ తెలిసినవాడు కూడా ఆధార్ ఓటీపీ లాంటి రెండో ఆధారం లేకుండా లోపలికి రాలేడు. ఆధార్ పంపేటప్పుడు చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ పంపండి. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలని చట్టం. అంతకంటే పాతవి ఏవేవి ఉన్నాయో ఒక్కొక్కరికీ జాబితా పంపుతాను, మీరు సరేనంటే చెరిపేస్తాను.

ఇది రాసేముందు ఇద్దరికి ఫోన్‌లో చెప్పాను. ఒకరు ధైర్యం చెప్పారు. ఇంకొకరు కోపంగా ఫైళ్లన్నీ ఇచ్చేయమన్నారు, అదే రోజు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి నా దగ్గరున్న కాపీ చెరిపేశాను. మీరూ అలా అడగొచ్చు, కారణం చెప్పక్కర్లేదు.

పాస్‌వర్డ్ మార్చడం రానివాళ్లు సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయండి. షావుకారుపేటలో షాపు వదిలి రాలేని పెద్దవాళ్ల దగ్గరకు ఈ ఆదివారం నేనే వస్తాను. ఓటీపీ వచ్చే ఫోన్ మాత్రం దగ్గర ఉంచుకోండి.