ఆదివారం బ్యాండ్ ప్రాక్టీస్: బ్యూగిల్ వాళ్లు తప్పక చూడండి

పాత స్కూల్ బ్యాండ్ మిత్రులకు నమస్తే.

ఆగస్టు 15 జెండా వందనానికి మొదటి ప్రాక్టీస్ ఈ ఆదివారం ఉదయం 6:30కి, గ్రౌండ్‌లో. డ్రమ్ముల వాళ్లు 7కి వస్తే చాలు.

అటక మీంచి దించిన బ్యూగిల్‌ని వెంటనే ఊదేయకండి. గోరువెచ్చని నీళ్లతో లోపల కడిగి ఆరబెట్టండి. మరిగే నీళ్లు పోస్తే పైపూత లేచిపోతుంది. పెదాలు ఆనించే మౌత్‌పీస్ ఇరుక్కుంటే పట్టకారు పెట్టొద్దు, గొట్టం మెలిపడుతుంది. అలాగే తెచ్చేయండి, దాన్ని బయటికి లాగే పుల్లర్ ఉంది.

బ్యూగిల్‌కి స్వరం మార్చే వాల్వులు (వేళ్లతో నొక్కే మీటలు) లేవు, ఉన్న ఐదు స్వరాలూ పెదాల బిగువు మీదే. రోజూ 10 నిమిషాలు, కింది స్వరాలతో మొదలెట్టండి. పై స్వరం కోసం మౌత్‌పీస్‌ని పెదాలకేసి అదిమితే కాసేపటికి మొద్దుబారి ఉత్త గాలే వస్తుంది. జెండా ఎగిరే వేళ ఆ బుస్సు మనకొద్దు!

శనివారం రాత్రికల్లా పేరు, వాయిద్యం ఇక్కడ పెట్టండి. మౌత్‌పీస్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.