పిన్ని పేజీ దొరికింది

ఒరేయ్ బాబ్జీ,

నువ్వు సంక్రాంతికి రాసినదానికి ఉగాది దగ్గరకొచ్చాక జవాబు రాస్తున్నా, తిట్టుకో. వాయిస్ మెసేజ్ పెడదామనుకున్నా గానీ నువ్వు స్పీడు పెంచుకుని వింటావని తెలిసి మానేశా. ఇది స్పీడు పెంచి వినే సంగతి కాదు.

ముందు మామూలు కబుర్లు గబగబా చెప్పేస్తా. అమ్మ బీపీ అదుపులోనే ఉంది. ఇంటి స్లాబు పడింది, డబ్బులూ అక్కడే పడ్డాయి. చంటిదానికి ముందు పళ్ళు రెండూ ఊడాయి, "స" పలకలేక నానా తంటాలు పడుతోంది. మన వైస్రాయ్ గారు మళ్ళీ ఉద్యోగం మారారు, కారణం నీకు తెలిసిందే, కుర్చీ. అంతే. ఇక అసలు సంగతికొస్తా.

మా ఆత్రేయపురం పిన్ని పూతరేకుల ఫేస్‌బుక్ పేజీ దొరికిందిరా!

పోయినట్టే నీకు చెప్పలేదు కదూ. కార్తీకంలో బాబాయ్ పోయినప్పుడు నువ్వు మస్కట్ నుంచి ఫోన్ చేశావు, అప్పటికి నాకూ తెలీదు. సంక్రాంతి దాకా ఆర్డర్లు బాగానే వచ్చాయి. ఆ తర్వాత ఒక్కసారిగా ఆగిపోయాయి. పెళ్ళిళ్ళ ముహూర్తాలున్నాయి, పూతరేకులు లేకుండా మన వైపు సారె వెళ్తుందా చెప్పు? అయినా ఫోన్ మోగదు. కారణం ఏంటా అని చూస్తే, ఫేస్‌బుక్ పేజీలో ఉన్న నంబరు పిన్నిది కాదు. రాజమండ్రిలో యాడ్లు వేసే ఆఫీసు వాళ్ళది. బాబాయ్ ఉన్నప్పుడే వాళ్ళతో నెలకింత అని మాట్లాడుకున్నాడు. ఆర్డర్ ఫోన్లు వాళ్ళకెళ్తాయి, వాళ్ళు రాసుకుని పిన్నికి పంపుతారు. పండగ తర్వాత పిన్ని డబ్బులు కట్టడం మానేసింది, వాళ్ళు పంపడం మానేశారు. కానీ నంబరు మాత్రం అలాగే ఉంది.

"నా ఆర్డర్లు ఇంకెవరికో అమ్ముకుంటున్నార్రా" అని పిన్ని శాపనార్థాలు. ముఖ్యంగా ఆ ఆఫీసులో పేజీ చూసే కుర్రాడి మీద. వాడి వంశం మొత్తం రోజూ పొయ్యి దగ్గర కాలుతూనే ఉంది.

ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట, "నాన్నా, ఆ పేజీ పాస్‌వర్డ్ ఏదో కనుక్కోరా." పేజీకి విడిగా పాస్‌వర్డ్ ఉండదు పిన్నీ, ఎవరెవరి సొంత ఖాతాలకి దాని మీద అధికారం ఇస్తే వాళ్ళు తమ ఖాతాలోంచే నడుపుతారు అని చెప్తే కాసేపు ఆలోచించి "రేషన్ కార్డులో పేర్లలాగానా?" అంది. నేను ఇంతకంటే బాగా చెప్పలేను. కార్డు ఉంది, అందులో పిన్ని పేరు లేదు.

మరి ఎవరి పేర్లున్నాయి? ఫుల్ కంట్రోల్ ఇద్దరికే. ఒకటి బాబాయ్, రెండు ఆ కుర్రాడు. యాడ్లు వెయ్యాలంటే ఫుల్ కంట్రోల్ ఇవ్వాలండీ అన్నాడట, బాబాయ్ "ఆయ్" అని ఇచ్చేశాడు. నిజానికి యాడ్లకి యాడ్ల అధికారం ఒక్కటిస్తే సరిపోతుంది. పోస్టులు పెట్టడం, మెసేజ్‌లకి జవాబివ్వడం, యాడ్లు, లెక్కలు చూడ్డం, దేనికది విడిగా ఇవ్వొచ్చు. ఫుల్ కంట్రోల్ అంటే మనుషుల్ని చేర్చడం, తీసెయ్యడం, ఆఖరికి పేజీనే తీసెయ్యడం కూడా. (మీ బావగారి హోటల్ పేజీ ఎవరి చేతిలో ఉందో ఈ రోజే చూడమను. ఆయన "మా వాడే చూస్తున్నాడు" అంటాడు. ఏ వాడో అడుగు.)

సరే, బాబాయ్ ఖాతాలోంచి వెళ్దామనుకున్నా. పాస్‌వర్డ్ పద్దుల పుస్తకం వెనక అట్ట మీదే ఉంది, ఆయన సంగతి తెలుసుగా. కొడితే లోపలికి రానివ్వదు. చూస్తే పేరు మీద "రిమెంబరింగ్" అని ఉంది. అమెరికాలో ఉన్న మా పెద్దమ్మ కొడుకు బాబాయ్ మీద ప్రేమకొద్దీ, ఆయన పోయిన వార్త జతచేసి, ఖాతాని స్మారకంగా మార్చమని అర్జీ పెట్టాడట. ఒకసారి అలా మారితే సరైన పాస్‌వర్డ్ ఉన్నా ఎవరూ వెళ్ళలేరు. బతికుండగా లెగసీ కాంటాక్ట్ అని ఒకరిని పెట్టుకుంటే వాళ్ళు కొంతవరకు చూసుకోవచ్చు గానీ వాళ్ళకి కూడా మెసేజ్‌లు కనబడవు. బాబాయ్ ఎవర్నీ పెట్టలేదు. అలాంటిదొకటి ఉందని ఆయనకెవరు చెప్తారు?

పేజీ ట్రాన్స్‌పరెన్సీ అని ఒకటుంటుంది, ఎవరైనా చూడొచ్చు. అందులో వెతికా. పేజీ ఎప్పుడు పెట్టారు, పేరు ఎన్నిసార్లు మార్చారు, నడిపేవాళ్ళు ఏ దేశంలో ఉన్నారు, అన్నీ చెప్తుంది. మన పేజీని నడిపేవాళ్ళు ఇండియాలో ఉన్నారట. చాలా సంతోషం, నూట నలభై కోట్ల మందిలో వెతుక్కుంటే సరి.

కొత్త పేజీ పెట్టెయ్యొచ్చుగా అంటావు. అందరూ అదే అన్నారు. నేనూ అన్నాను. పిన్ని మాట్లాడలేదు. మా చిన్ని పక్కకి పిలిచి చెప్పింది, ఆ పేజీ ఇన్‌బాక్సులో నాన్న రాసిన జవాబులన్నీ ఉన్నాయన్నయ్యా అని. ఇంక నేను నోరెత్తలేదు.

ఫేస్‌బుక్‌కి అర్జీ పెట్టే దారి ఒకటుంది. పేజీకి మనకి సంబంధం ఏంటో, ఎవర్ని తీసెయ్యాలో ఎందుకో రాసి, చెప్పిందంతా నిజమని ప్రమాణం చేసి సంతకం పెట్టి, గుర్తింపు కార్డు, వ్యాపారం కాగితాలు జతచెయ్యాలి. నోటరీ చేయిద్దామని నేను డ్రాఫ్టు కూడా రాశా, నా ఇంగ్లీషు చూస్తే మన కాకినాడ మాస్టారు పరమపదం నుంచి దిగొచ్చేవాడు. చిక్కేంటంటే ఫుడ్ లైసెన్సు, కరెంటు బిల్లు అన్నీ బాబాయ్ పేరునే ఉన్నాయి. ముందు అవి మార్చాలి, దానికి మళ్ళీ వారసుల సర్టిఫికెట్టు... ఆ కథ ఇంకో ఉత్తరం.

పిన్ని ఆ కాగితాలన్నీ మడిచి పక్కన పెట్టి, "ముందు మనిషిని అడుగుదాం పదరా" అంది. బెల్లంవి ఒక డబ్బా, డ్రైఫ్రూట్‌వి ఒక డబ్బా సంచిలో పెట్టుకుంది. తిట్టడానికి వెళ్తూ స్వీట్లెందుకు పిన్నీ అంటే, "ఉత్త చేతులతో వెళ్తే మర్యాదగా ఉంటుందా?" అని నన్నే కసిరింది. బొబ్బర్లంక మీదుగా బ్యారేజీ దాటి ఇద్దరం బండి మీద రాజమండ్రి చేరాం, దారి పొడుగునా వాడిని ఏమేం అనాలో రిహార్సలు.

ఆఫీసాయన పాపం మంచివాడేరా. ఆయన ల్యాప్‌టాప్ తెరిచి చూపిస్తే ఆయన పేరుకి యాడ్ల అధికారం తప్ప ఏం లేదు. ఫుల్ కంట్రోల్ ఆ కుర్రాడి సొంత ఖాతాకే ఉంది, వాడు సంక్రాంతికి ఉద్యోగం మానేసి హైదరాబాద్ వెళ్ళిపోయాడు. మరి నంబరు? ఆయన తల గోక్కుని, బీరువా పక్కనున్న టేబుల్ డ్రాయర్ లాగాడు. ఛార్జర్ వైర్లు, రబ్బరు స్టాంపులు, వాటి కింద ఒక పాత ఫోన్. స్విచాఫ్. ఆఫీసు మారినప్పుడు అందులో పడేశారట.

ఎవరూ ఏ ఆర్డరూ అమ్ముకోలేదురా. అవన్నీ ఆ డ్రాయర్లో ఉన్నాయి!

ఛార్జింగ్ పెట్టి, రీఛార్జ్ చేసి ఆన్ చేశాక వాట్సాప్ మోగడం మొదలుపెట్టింది చూడు, ఆగదే. డల్లాస్ నుంచి ఒకావిడ, బెంగళూరు వాళ్ళు, తణుకులో పెళ్ళివాళ్ళు రెండొందల డబ్బాలు కావాలని, తర్వాత ప్రశ్నార్థకాలు, తర్వాత కోపం బొమ్మలు. పిన్ని ముఖం వెలిగిపోతోంది, వాడిపోతోంది. అందని మెసేజ్‌లని వాట్సాప్ ముప్పై రోజులే దాచి ఉంచుతుంది, అంతకు ముందువి ఇంక రావు అని నేను చెప్పకుండా ఉండాల్సింది. "మాఘమాసం ముహూర్తాలన్నీ పోయాయన్నమాట" అని కూలబడింది.

ఆఫీసాయన ఆ కుర్రాడికి ఫోన్ కలిపాడు. పిన్ని రిహార్సల్ చేసిందంతా గొంతు దాకా వచ్చి ఆగింది, వాడు "అమ్మా, బాబాయ్ గారు ఎలా ఉన్నారు?" అన్నాడు. వాడికి తెలీదు. ఫోన్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

సాయం చేస్తానన్నాడు, కానీ వాడూ తన ఖాతాలోకి వెళ్ళలేకపోతున్నాడట. కొత్త ఫోన్ కొన్నాడు, పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో మెట్టు తనిఖీ కోడ్ వచ్చే నంబరు ఏదనుకున్నావ్? ఈ డ్రాయర్ ఫోన్‌దే! వాడక్కడ పాస్‌వర్డ్ కొట్టాడు, ఇక్కడ టింగుమని కోడ్ వచ్చింది. ఫోన్ పిన్ని చేతిలో ఉంది. చదువు పిన్నీ అన్నా.

చదవదు.

"ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకు వాళ్ళు రోజూ మెసేజ్ పెడుతున్నార్రా" అని ఫోన్ గుండెకి అదుముకుంది. అవతల కుర్రాడు "అమ్మా, త్వరగా, టైమైపోతుంది" అంటాడు. అలా తొందరపెట్టేవాళ్ళే మోసగాళ్ళని కూడా బ్యాంకు వాళ్ళు చెప్పారట! నేను బతిమాలుతున్నా, ఆఫీసాయన దండం పెడుతున్నాడు, అది వాడి ఖాతా కోడే పిన్నీ, నీ డబ్బులు కావు అంటే వినదే. చివరికి వాడి చేత బాబాయ్ పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, పొయ్యి ఎటువైపు ఉంటుందో, ఒక రేకు తీసే గుడ్డ ఏ రంగుదో అన్నీ చెప్పించింది. వాడు వీడియో తియ్యడానికి వచ్చినప్పుడు చూశాడు కాబట్టి సరిపోయింది. అప్పుడు చదివింది, డబ్బులు లెక్కపెట్టినట్టు, "నలభై ఏడు వేల..." అని. వాడు ఏం కొట్టాడో, తప్పు. మళ్ళీ కోడ్. ఈసారి నేను పిన్ని భుజం మీంచి తొంగి చూసి ఒక్కో అంకె అరిచా.

వెళ్ళాడు! వెంటనే పిన్ని ఖాతాకి (ప్రొఫైల్ ఫొటో వెంకటేశ్వరస్వామి, ఇంకెవరుంటారు) ఫుల్ కంట్రోల్ ఆహ్వానం పంపాడు, పిన్ని ఒప్పుకుంది, అయిపోయింది. పిన్ని మొదటి మాట, "అందర్నీ తీసెయ్."

అప్పుడు గుర్తొచ్చి చెప్పా. ఖాతా స్మారకమైపోయినవాళ్ళు ఒక్కరే పేజీకి అడ్మిన్ అయితే ఆ పేజీనే తీసేస్తారట. బాబాయ్ ఒక్కడే ఉండి ఉంటే ఆ రిమెంబరింగ్ పడ్డప్పుడే పేజీ పోయేది. ఈ కుర్రాడి పేరు కూడా ఉంది కాబట్టి బతికింది. పిన్ని నోరు తెరిచి, మూసి, సంచిలోంచి డ్రైఫ్రూట్ డబ్బా తీసి "వాడి అడ్రసు రాయించుకో" అంది. వాడు మాత్రం తనంతట తనే తప్పుకున్నాడు, నాకెందుకమ్మా అని.

ఇప్పుడు ఫుల్ కంట్రోల్ పిన్నికీ చిన్నికీ. ఆర్డర్లు రాసుకునే అమ్మాయికి మెసేజ్‌లు, కామెంట్లు మాత్రమే. రెండో మెట్టు తనిఖీ పెట్టించా. ఫోన్ పోతే వాడుకోవడానికి పది రికవరీ కోడ్‌లిస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. అవి కాగితం మీద రాసి జాగ్రత్త పెట్టమంటే పిన్ని బియ్యం డ్రమ్ములో పెట్టింది. ఎలుకల సంగతి నేనెత్తలేదు.

ఆ రాత్రి ఇన్‌బాక్సు తెరిచింది. పైకి జరుపుకుంటూ పోయింది, ప్రతి జవాబూ "ఆయ్, పంపిస్తామండి" అనే. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చినప్పుడు అభినందనలు చెప్పిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా ధన్యవాదాలు రాశాడురా, కాపీ పేస్టు కాదు, ఒక్కోరికి ఒక్కోలా. మా ఇద్దరికీ మాట రాలేదు. అలా చదువుతూ చదువుతూ పిన్ని గభాలున ఆగి, "ఒరేయ్, ఈ భీమవరం ఆవిడ పన్నెండు డబ్బాలకి ఇంకా డబ్బులివ్వలేదు!" అంది. పొద్దున్నే ఆవిడకి మెసేజ్ వెళ్ళింది. పేజీ తరఫున మొదటి మెసేజ్ అదే.

మధ్యలో ఇన్‌బాక్సులో "మీ పేజీ 24 గంటల్లో మూసేస్తాం, ఇక్కడ నొక్కండి" అని మెటా (ఫేస్‌బుక్ కంపెనీ) వాళ్ళ ముద్రతో ఏవో ఉన్నాయి. చిన్ని హడలిపోయింది. పిన్ని చూసి, "తొందరపెడుతున్నాడు, దొంగే" అని చెరిపేసింది. ఇంక నేను నేర్పాల్సిందేం లేదు.

ఇన్‌స్టాగ్రామ్‌కి మాత్రం దాని పాస్‌వర్డ్ దానికే ఉంటుంది. మర్చిపోతే కోడ్ బాబాయ్ నంబరుకి వెళ్తుంది. ఎలాగా అనుకుంటుంటే పిన్ని లోపల్నుంచి ఆయన ఫోన్ తెచ్చింది, నెల నెలా రీఛార్జ్ చేస్తూనే ఉందట. ఎందుకని అడగలేదు.

ఇంక గూగుల్ మ్యాప్స్‌లో షాపు మిగిలింది. అది ఆఫీసాయన మెయిల్ మీద ఉంది, ఆయన పిన్నిని ఓనర్‌గా చేర్చేశాడు. కొత్త ఓనర్ ఏడు రోజులు ఆగితే గానీ ప్రధాన ఓనర్ హక్కు మార్చుకోవడం కుదరదు, శుక్రవారానికి అయిపోతుంది. అందులో ఫొటో చూస్తే నవ్వొస్తుంది, షాపు బదులు పక్కింటి గేదె... అదిగో కొరియర్ అబ్బాయి వచ్చేశాడు, తణుకు డబ్బాలు ఎక్కించాలి, పిన్ని అరుస్తోంది. నీ మస్కట్ అడ్రసు పిన్‌కోడ్‌తో సహా పేజీకే మెసేజ్ పెట్టు, నాకు కాదు. పిన్ని జవాబిస్తుంది. డబ్బులు ముందే పంపు, భీమవరం ఆవిడ తర్వాత అప్పులు బంద్.

ఉంటారా,
పండు